టెలికాంలో ఓఎస్ఎస్ తీసుకోవాలా, బీఎస్ఎస్ తీసుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. బెంగళూరులో నాలుగేళ్లుగా బ్యాంకింగ్ ప్రాజెక్టులో జావా రాస్తున్నారు, ఆ ప్రాజెక్టు అయిపోయింది. ఇప్పుడు కంపెనీ టెలికాం విభాగంలో రెండు ఖాళీలు చూపించింది. బెంగళూరులోనే బీఎస్ఎస్ (ఆర్డర్లు, బిల్లులు చూసే వ్యాపారం వైపు సాఫ్ట్‌వేర్) ఒకటి, చెన్నైలో ఓఎస్ఎస్ (నెట్‌వర్క్‌ని నడిపే వైపు సాఫ్ట్‌వేర్) ఒకటి. ఏది తీసుకోవాలి, టెలికాం ఏమీ తెలియకుండా వెళ్తే నెగ్గుకురాగలనా, అసలు ఇవి పాతబడిపోతున్న పనులా అని అడిగారు. సోమవారంలోగా జవాబు చెప్పాలన్న టెన్షన్ కూడా రాశారు.

సూటిగా చెబుతాను. టెలికాంలోకి వెళ్లండి, కానీ ఓఎస్ఎస్, బీఎస్ఎస్ అన్న పేరు చూసి ఎంచుకోకండి. ఆ రెండు ఖాళీల్లో ఏది కస్టమర్ ఆర్డర్‌ని గానీ, ఇన్వెంటరీని (ఏ పరికరం, ఏ పోర్టు ఎవరికి ఇచ్చామన్న రికార్డు) గానీ, చార్జింగ్‌ని (వాడకానికి డబ్బు లెక్కకట్టడం) గానీ నేరుగా తాకుతుందో అది తీసుకోండి. బెంగళూరు ఖాళీలో చార్జింగ్ లేదా ఆర్డర్ మేనేజ్‌మెంట్ ఉంటే ఇక్కడే ఉండిపోండి, మీ బ్యాంకింగ్ అనుభవం మొదటి వారం నుంచే పనికొస్తుంది. కాల్ సెంటర్ వాళ్ల స్క్రీన్లు మార్చడం వరకే అయితే చెన్నై వెళ్లండి. మీది చిత్తూరు అన్నారు కాబట్టి ఇంటికి రెండూ దగ్గరే.

నేను 2005 నుంచి ఈ రంగంలో ఉన్నాను, ఎక్కువ కాలం బెంగళూరులోనే. మొదట బ్రాడ్‌బ్యాండ్ ప్రొవిజనింగ్ (కొత్త లైను నెట్‌వర్క్‌లో పెట్టడం) సపోర్ట్, తర్వాత ప్రీపెయిడ్ చార్జింగ్, గత తొమ్మిదేళ్లుగా ఆర్డర్ మేనేజ్‌మెంట్, ఇన్వెంటరీ డిజైన్. ఈ మూడు చోట్లా నేను చూసిన పెద్ద సమస్యల మూలం ఒక్కటే. రికార్డులో రాసి ఉన్నదానికీ, నెట్‌వర్క్‌లో నిజంగా ఉన్నదానికీ పొంతన లేకపోవడం. ఈ మాట పట్టుకుంటే ఓఎస్ఎస్, బీఎస్ఎస్ రెండూ అర్థమవుతాయి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

శుక్రవారం రాత్రి బెంగళూరు మడివాలలో బస్సు కోసం నిలబడ్డవాళ్లకి ఇది తెలిసిన విషయమే. టికెట్ మీద ఫలానా బెర్తు, కిటికీ పక్కన అని ఉంటుంది. అసలు బస్సు చెడిపోయి వేరే బస్సు పంపుతారు, అందులో ఆ నంబరు బెర్తే ఉండదు. టికెట్ అమ్మినవాళ్ల లెక్క తప్పు కాదు, బస్సు పంపినవాళ్లకి వేరే దారి లేదు. బస్సు మారిన సంగతి టికెట్ రాసే చోటికి చేరలేదు, అంతే. టికెట్, డబ్బు, రిఫండు, ఫిర్యాదు ఇవన్నీ బీఎస్ఎస్. ఏ బస్సు, ఏ డ్రైవరు, ఏ బెర్తులు, దారిలో టైరు పంక్చరయితే ఎవరికి కబురు అన్నవి ఓఎస్ఎస్. గొడవ ఎప్పుడూ ఈ రెండిటి మధ్య ఉన్న సందులోనే పుడుతుంది.

ఇప్పుడు నిజమైన ఆర్డర్ ఒకటి చూద్దాం. కేఆర్ పురంలో ఒక అపార్ట్‌మెంటు నుంచి ఎవరో ఇంటికి ఫైబర్ కనెక్షన్ అడిగారు అనుకోండి. మొదటి ప్రశ్న, ఆ చిరునామాకి ఇవ్వగలమా? దీన్ని ఫీజిబిలిటీ అంటారు. అది చెప్పాలంటే ఆ భవనానికి దగ్గర్లో ఏ స్ప్లిటర్ (ఒక ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే పెట్టె) ఉంది, అందులో ఖాళీ ఉందా అన్నది రికార్డులో ఉండాలి. ఇళ్లకి ఫైబర్ ఇచ్చే జీపాన్ పద్ధతిలో ఎక్స్చేంజి దగ్గరి ఓఎల్‌టీ (ఫైబర్లు మొదలయ్యే పరికరం) పోర్టు ఒకదాన్ని సాధారణంగా 32 లేదా 64 ఇళ్లకి పంచుతారు. కిందికి వచ్చే వేగం ఆ ఇళ్లందరికీ కలిపి దాదాపు 2.5 గిగాబిట్లు, పైకి వెళ్లేది అందులో సగం. కాబట్టి ఖాళీ ఉందా అన్న ప్రశ్నకి జవాబు కేవలం కన్నం ఉందా అని కాదు, ఆ పోర్టు మీద ఇప్పటికే ఎంతమంది ఉన్నారు అని కూడా.

తర్వాత క్యాటలాగ్, అంటే అమ్మే ప్యాకుల జాబితా. కస్టమర్ కొన్నది నెలకి ఇంత, ఇంత వేగం, దాంతో పాటు ఒక ఫోన్ లైను. నెట్‌వర్క్‌కి ఆ ప్యాక్ పేరు తెలియదు. దానికి కావాల్సింది ఒక వీలాన్ నంబరు (ట్రాఫిక్‌ని విడివిడిగా ఉంచే గుర్తు), ఒక బ్యాండ్‌విడ్త్ ప్రొఫైలు (వేగం హద్దు), ఇంట్లో పెట్టే పెట్టె సీరియల్ నంబరు, లాగిన్ ఖాతా, ఫోన్‌కి ఒక నంబరు. అమ్మిన వస్తువుని ఇలా నెట్‌వర్క్ ముక్కలుగా విడగొట్టడాన్ని డీకంపోజిషన్ అంటాం. మీరు జావా రాసేది ఎక్కువగా ఇక్కడే. ఏ పని ముందు, ఏది తర్వాత, మధ్యలో ఒకటి ఫెయిలయితే ముందు చేసినవి ఎలా వెనక్కి తీయాలి? బ్యాంకులో ఒక ఖాతాలో డెబిట్ అయి ఇంకో ఖాతాలో క్రెడిట్ కాకపోతే ఏం చేస్తారో మీకు తెలుసు. ఇక్కడా అదే ఆలోచన. ఒక తేడా మాత్రం ఉంది. మధ్యలో ఒక మనిషి నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కాలి. ఆ పని రోల్‌బ్యాక్ అవ్వదు.

టెక్నీషియన్ వెళ్లి పెట్టె పెట్టాడు, సీరియల్ నంబరు యాప్‌లో కొట్టాడు, సిస్టమ్ ఓఎల్‌టీకి కాన్ఫిగరేషన్ పంపింది, లైటు వెలిగింది. ఇక్కడితో ఓఎస్ఎస్ పని అయిపోయిందనుకుంటారు చాలామంది కొత్తవాళ్లు. అయిపోలేదు. ఈ సర్వీసు ఈ తేదీన, ఈ గంటకి మొదలైంది అన్న కబురు బిల్లింగ్‌కి చేరాలి. చేరకపోతే రెండే జరుగుతాయి. కస్టమర్ నెలల తరబడి ఉచితంగా వాడతాడు, లేదా ఆర్డర్ పెట్టిన రోజు నుంచే బిల్లు వచ్చి లైను రాని రోజులకి కూడా డబ్బు అడుగుతారు. రెండోది జరిగితే మనిషికి ఎంత కోపం వస్తుందో, కాల్ సెంటర్‌లో ఆ ఫోన్ ఎత్తిన అమ్మాయి ఎంత మాట పడాల్సి వస్తుందో నేను పక్కన కూర్చుని విన్నాను. అప్పటి నుంచి ఈ ఒక్క మెసేజ్ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

ఇప్పుడు నాకు బాగా గుర్తుండిపోయిన కేసు చెబుతాను. విదేశీ ఆపరేటరు (టెలికాం కంపెనీ) ఒకరికి మా టీమ్ వైట్‌ఫీల్డ్ నుంచి పనిచేసేది. అక్కడ ఒక రాత్రి యాక్సెస్ స్విచ్‌లో (కస్టమర్ల లైన్లు వచ్చి కలిసే పరికరం) 7వ పోర్టు చెడిపోయింది. డ్యూటీలో ఉన్న టెక్నీషియన్ కేబుల్ తీసి 11వ పోర్టులో పెట్టాడు, చేత్తోనే కాన్ఫిగరేషన్ మార్చాడు, లైను వచ్చింది, రిపేరు టికెట్ (ఫిర్యాదు నమోదు) మూసేశాడు. అర్ధరాత్రి పూట అతను చేసింది సరైన పనే. రికార్డులో మాత్రం ఆ కస్టమర్ ఇంకా 7 మీదే ఉన్నాడు, 11 ఖాళీగా ఉంది.

దాదాపు అయిదు వారాల తర్వాత అదే స్విచ్ మీద కొత్త లీజ్‌డ్ లైన్ (ఒక సంస్థకే విడిగా ఇచ్చే లైను) ఆర్డర్ వచ్చింది. సిస్టమ్ ఖాళీ పోర్టు వెతికింది, 11 కనిపించింది, రిజర్వ్ చేసింది, కొత్త వీలాన్‌ని దాని మీద రాసేసింది. పాత కస్టమర్ లైను ఆ క్షణంలో పడిపోయింది. అది ఒక పెద్ద సంస్థ ప్రధాన లింకు. అలారం వచ్చింది గానీ, రికార్డు ప్రకారం ఆ కస్టమర్ 7 మీద ఉన్నాడు కాబట్టి ఇంజినీర్లందరూ 7 చుట్టూ తిరిగారు. ఆరు గంటలు పట్టింది. చివరికి పట్టుకున్నది సాఫ్ట్‌వేర్ కాదు. స్విచ్ దగ్గరికి వెళ్లి కేబుల్ మీద చీటీ చదివిన మనిషి.

మా ప్రోగ్రామ్‌లో ఒక్క లైను కూడా తప్పు లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ తర్వాత మేం రెండు మార్పులు చేశాం. ఒకటి, కాన్ఫిగరేషన్ పంపే ముందు ఆ పోర్టు నిజమైన స్థితిని పరికరాన్నే అడగడం. రికార్డు ఖాళీ అంటున్న పోర్టు మీద కాన్ఫిగరేషనో ట్రాఫిక్కో కనిపిస్తే ఆర్డర్‌ని ఆపి, మనిషి చూడాల్సిన ఫాలౌట్ క్యూకి పంపడం. రెండు, రిపేరు టికెట్ మూసేటప్పుడు పోర్టు మారిందా అన్న ప్రశ్నకి జవాబు ఇవ్వకుండా మూయలేకపోవడం. మొదటి మార్పు పెట్టిన వారంలోనే ఆర్డర్లు వరసగా ఆగడం మొదలైంది. ఆర్డర్లు ఆగిపోతున్నాయి, ఆ చెక్ తీసేయండి అని పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఆగిన ప్రతి ఆర్డర్ ఒక పాత కస్టమర్ లైను పడకుండా ఆపిందని ఒక్కొక్కటిగా చూపించాకే ఊరుకున్నారు.

అందుకే చెబుతున్నాను, ఫాలౌట్ క్యూ చూసే పని ఇస్తే చిన్నతనంగా అనుకోకండి. ఫాలౌట్ అంటే ఆటోమేటిక్‌గా పూర్తికాకుండా మధ్యలో చిక్కుకున్న ఆర్డర్. ఆరు నెలలు శ్రద్ధగా ఆ క్యూ చూసినవాడికి ఆ ఆపరేటరు నెట్‌వర్క్, వ్యాపారం రెండూ తెలిసిపోతాయి. ఒకటే షరతు. టికెట్‌ని రీట్రై కొట్టి మూసేయకుండా ఎందుకు ఆగిందో రాసుకోవాలి.

చరిత్ర క్లుప్తంగా. ఈ రంగం పుట్టిందే రికార్డుల కష్టం లోంచి. అమెరికాలో అప్పటి పెద్ద టెలిఫోన్ సంస్థ బెల్ సిస్టమ్ 1970ల్లో తయారుచేసుకున్న పెద్ద మెయిన్‌ఫ్రేమ్ సిస్టమ్‌లలో ఒకటైన టర్క్స్ పని, ట్రంకు సర్క్యూట్ల (ఎక్స్చేంజీల మధ్య లైన్ల) రికార్డు పెట్టడమే. తర్వాత అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వాళ్లు ఎం.3010 సిఫారసులో పరికరం, పరికర నిర్వహణ, నెట్‌వర్క్ నిర్వహణ, సర్వీసు నిర్వహణ, వ్యాపార నిర్వహణ అని అంతస్తులు గీశారు. 1988లో మొదలైన టెలికాం కంపెనీల సంఘం, ఇప్పటి టీఎం ఫోరమ్, ఈటామ్ అనే ప్రక్రియల పటాన్ని ఇచ్చింది. అందులో ఫుల్‌ఫిల్‌మెంట్, అష్యూరెన్స్, బిల్లింగ్ అన్న మూడు నిలువు గీతలు గుర్తుపెట్టుకుంటే చాలు. కొత్త కనెక్షన్ ఇవ్వడం, ఇచ్చింది పాడవకుండా చూడడం, డబ్బు తీసుకోవడం. మీటింగ్‌లో ఎవరు ఏ పొడి అక్షరాలు వాడినా ఈ మూడింట్లో ఎక్కడ పడుతుందో చూసుకోండి.

ఇక చార్జింగ్. బీఎస్ఎస్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది, మీకు కూడా నచ్చుతుందని నా నమ్మకం.

మన దేశంలో మొబైల్ కనెక్షన్లలో చాలా ఎక్కువ భాగం ప్రీపెయిడ్. అంటే నెలాఖరుకి బిల్లు వేస్తే సరిపోదు. కాల్ నడుస్తుండగానే, వీడియో చూస్తుండగానే లెక్క జరగాలి. ఫోన్ డేటా సెషన్ మొదలుపెట్టగానే గేట్‌వే (ఆ డేటా దాటి వెళ్లే నెట్‌వర్క్ పరికరం) చార్జింగ్ సిస్టమ్‌ని అడుగుతుంది, ఈ నంబరుకి ఎంత ఇవ్వచ్చు అని. చార్జింగ్ సిస్టమ్ బ్యాలెన్స్ చూసి కొంత కోటా పక్కన పెట్టి, ఇంత వాడాక మళ్లీ అడుగు అంటుంది. మీ భాషలో చెప్పాలంటే కార్డు మీద హోల్డ్ పెట్టడం లాంటిది. హోటల్‌లో దిగినప్పుడు కొంత మొత్తం హోల్డ్ చేసి, వెళ్లేటప్పుడు అసలు బిల్లు తీసుకుని మిగతాది వదిలేస్తారు కదా, అదే పని ఇక్కడ కోట్ల ఫోన్లకి, ఒక్కో సెషన్‌లో చాలాసార్లు జరుగుతుంది. 4జీలో ఇది డయామీటర్ అనే ప్రోటోకాల్ మీద నడుస్తుంది. దాని క్రెడిట్ కంట్రోల్ నియమాలు 2005లో ఆర్ఎఫ్‌సీ 4006 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా, 2019లో సవరించి ఆర్ఎఫ్‌సీ 8506గా వచ్చాయి. 5జీలో అదే పనిని సీహెచ్ఎఫ్ అనే భాగం హెచ్‌టీటీపీ/2 మీద జేసన్‌తో చేస్తుంది. మీకు వెబ్ సర్వీసులు అలవాటే కాబట్టి 5జీ వైపు నుంచి మొదలుపెడితే తొందరగా ఎక్కుతుంది.

కోటా ఎంత ఇవ్వాలన్నదే పెద్ద చర్చ. చిన్నది ఇస్తే గేట్‌వే మాటిమాటికీ వచ్చి అడుగుతుంది, సాయంత్రం రద్దీలో సిస్టమ్ తట్టుకోలేదు. పెద్దది ఇస్తే, ఒకే బ్యాలెన్స్ మీద రెండు సెషన్లు నడుస్తున్నప్పుడు మొదటిదే మొత్తం పట్టుకుని కూర్చుంటుంది, రెండోదానికి బ్యాలెన్స్ లేదని వస్తుంది.

ఒక కేసు చెబుతాను. ఒక ఆపరేటరు అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా డేటా ఉచితం అని కొత్త ప్యాక్ పెట్టారు. మొదటి వారం నుంచే పొద్దున్నే ఫిర్యాదులు. రాత్రి ఫ్రీ అన్నారు, లేచేసరికి పగటి డేటా కూడా అయిపోయింది అని. టెస్టింగ్‌లో అంతా సరిగ్గానే వచ్చింది. ఎందుకంటే టెస్టర్లు 12 దాటాక కొత్త సెషన్ మొదలుపెట్టి చూశారు. నిజమైన కస్టమర్ అలా చేయడు. 11:40కి సినిమా మొదలుపెడతాడు, 12 దాటినా అదే సెషన్. 11:50కి ఇచ్చిన కోటా గంట దాకా చెల్లుతుంది. గేట్‌వే ఆ కోటా అయ్యాక మొత్తం వాడకాన్ని ఒకే ముద్దగా పంపుతుంది. అందులో 12కి ముందు ఎంతో, తర్వాత ఎంతో చార్జింగ్ సిస్టమ్‌కి తెలిసే దారి లేదు.

దీనికి డయామీటర్‌లోనే పరిష్కారం ఉంది. కోటా ఇచ్చేటప్పుడే ఫలానా సమయానికి టారిఫ్ మారుతుంది, ముందు వెనకల లెక్క విడిగా పంపు అని గేట్‌వేకి చెప్పే ఫీల్డ్ ఒకటి ఉంటుంది, పేరు టారిఫ్ టైమ్ చేంజ్. పాత ప్యాకుల్లో అది పెట్టే ఉంది. కొత్త ప్యాక్‌ని వేరే టెంప్లేట్ నుంచి కాపీ చేశారు, ఆ టెంప్లేట్‌లో లేదు. దిద్దడానికి పది నిమిషాలు పట్టింది. కానీ అప్పటికే పోయిన డేటాని ఎవరెవరికి, ఎంత తిరిగి ఇవ్వాలో లెక్కకట్టడానికి రెండు వారాలు పట్టింది. నెలకి ఒకసారి రీచార్జ్ చేసుకుని జాగ్రత్తగా వాడుకునే పిల్లలకి ఆ ఒక జీబీ చిన్న విషయం కాదు. చార్జింగ్‌లో పనిచేస్తే టెస్ట్ కేసు గడియారం హద్దుల మీద రాయండి. అర్ధరాత్రి, నెలాఖరు, ఫిబ్రవరి 29, ప్యాక్ గడువు ముగిసే నిమిషం. బ్యాంకులో డే ఎండ్ చూసినవారికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

పాతబడిపోతున్న పనులా అన్నారు. దానికి నా జవాబు, నియమాలు మారినన్నాళ్లూ ఈ పని ఉంటుంది. నంబర్ పోర్టబిలిటీనే, అంటే నంబరు మార్చకుండా కంపెనీ మారడాన్నే తీసుకోండి. 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై 2011 జనవరి 20న దేశమంతా వచ్చింది. మొదట ఒకే సర్కిల్ లోపల మాత్రమే. 2015 జులై 3 నుంచి వేరే సర్కిల్‌కి కూడా నంబరు తీసుకెళ్లొచ్చు. బెంగళూరు వచ్చాక కూడా ఆంధ్రా సర్కిల్ నంబరు వదలని మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. 2019 డిసెంబరు 16 నుంచి ప్రక్రియ మళ్లీ మారింది. అర్హతలన్నీ ముందే సరిచూశాకే పోర్టింగ్ కోడ్ ఇస్తారు, సర్కిల్ లోపలైతే 3 పనిదినాలు, సర్కిల్ మారితే 5. 2024 జులై 1 నుంచి సిమ్ మార్చిన 7 రోజుల లోపు అడిగితే ఆ కోడ్ ఇవ్వరు. సిమ్ స్వాప్ మోసాలు ఆపడానికి తెచ్చిన నియమం అది. ఈ ఒక్కో వాక్యం వెనక ఆర్డర్ మేనేజ్‌మెంట్, నంబర్ ఇన్వెంటరీ, బిల్లింగ్ అన్నిటిలో మార్పులు ఉంటాయి. నంబరు వెళ్లిపోతున్నప్పుడు చివరి బిల్లు వేయాలి, నెట్‌వర్క్ లోంచి తీయాలి, రీచార్జ్ తీసుకోవడం ఆపాలి, అదీ సరైన వరసలో. వరస తప్పితే వేరే కంపెనీకి వెళ్లిపోయిన నంబరు మీద రీచార్జ్ డబ్బు పడుతుంది.

టూల్స్ మాత్రం మారిపోతున్నాయి, అది నిజం. పాత పెద్ద సిస్టమ్‌లు చిన్న సర్వీసులుగా విడిపోయి క్లౌడ్ మీదికి వెళ్తున్నాయి. టీఎం ఫోరమ్ ఓపెన్ ఏపీఐలు (వేర్వేరు సిస్టమ్‌లు మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతులు) చాలాచోట్ల వాడుకలోకి వచ్చాయి. ఒక్కోదానికీ ఒక నంబరు ఉంటుంది. ప్రొడక్ట్ ఆర్డర్‌కి 622, సర్వీస్ ఆర్డర్‌కి 641, రిసోర్స్ ఇన్వెంటరీకి 639. ఇప్పుడు ప్రతి మీటింగ్‌లోనూ ఏఐ మాట వస్తోంది, ముఖ్యంగా అలారాల విషయంలో. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎవరో జేసీబీతో తవ్వి ఫైబర్ తెంపితే ఆపరేషన్స్ సెంటర్‌లో ఒక్కసారిగా వేల అలారాలు వచ్చి పడతాయి. వాటిల్లో మూలకారణం ఒక్కటే. ఏ టవరు ఏ ఫైబర్ మీద నడుస్తుందో రికార్డు సరిగ్గా ఉంటే, మామూలు రూల్స్‌తోనే మూలాన్ని పట్టుకోవచ్చు. రికార్డు తప్పయితే ఎంత తెలివైన మోడల్ పెట్టినా తప్పు చోటికే జనాన్ని పంపుతుంది. మార్పుల వేగం చూస్తుంటే, రికార్డులు సరిచేయగల మనుషుల అవసరం పెరుగుతుందనే నేను అనుకుంటున్నాను.

ఇబ్బందులు కూడా చెప్పాలి. నెట్‌వర్క్ మీద మార్పులు అర్ధరాత్రి దాటాకే చేస్తారు, కాబట్టి ఓఎస్ఎస్‌లో రాత్రి పని తప్పదు. విదేశీ క్లయింటు అయితే వాళ్ల అర్ధరాత్రి మనకి ఏ వేళో చూసుకోండి. బిల్లింగ్‌లో బిల్ సైకిల్ నడిచే రోజుల్లో సెలవు దొరకదు. ఇంకొకటి, ఒకే వెండర్ టూల్‌లో స్క్రీన్ల మీద కాన్ఫిగరేషన్ చేయడం వరకే నేర్చుకుంటే మూడేళ్ల తర్వాత ఇరుక్కుపోతారు. ఆ టూల్ ఆ పని ఎందుకు చేస్తోందో తెలిస్తే వేరే కంపెనీకి వెళ్లినా పనికొస్తుంది. నాతో పాటు చేరిన ఇద్దరు మంచి ఇంజినీర్లు ఇలాగే ఆగిపోయారు. తెలివి తక్కువై కాదు, ఎవరూ వాళ్లకి ఆ స్క్రీన్ వెనక ఏముందో చూపించలేదు.

ఉద్యోగాల పరంగా రెండు ఊళ్లూ మంచివే. బెంగళూరులో నోకియా, ఎరిక్సన్ కేంద్రాలు ఉన్నాయి, రెవెన్యూ అష్యూరెన్స్‌లో (రావాల్సిన డబ్బు జారిపోకుండా చూడడం) పేరున్న సుబెక్స్ ఇక్కడిదే. చెన్నైలో టెలికాం మీదే నిలబడిన ప్రొడాప్ట్ ఉంది, ఎరిక్సన్ అక్కడా ఉంది. ఊరు చూసి భయపడాల్సిన పనిలేదు.

సోమవారానికి ముందు మేనేజర్‌ని ఈ నాలుగూ అడగండి. ఏ మాడ్యూల్? నేను కోడ్ రాస్తానా, కాన్ఫిగరేషన్ చేస్తానా, టికెట్లు చూస్తానా? మన టీమ్‌కి ప్రొడక్షన్ డేటా, లాగ్‌లు చూసే వీలు ఉందా? ఆర్డర్ ఫెయిలయితే మూలకారణం మన టీమే వెతుకుతుందా, ఇంకొకరికి పంపేస్తుందా? చివరి రెండు ప్రశ్నలకి, చూసే వీలుంది, మూలకారణం మన టీమే వెతుకుతుంది అని జవాబు వస్తే అది నేర్చుకునే చోటు, ఏ ఊరైనా సరే.

టెలికాం తెలియదన్న భయం గురించి చివరగా. చేరేలోపు రెండు వారాంతాలు కేటాయించగలిగితే ఒక చిన్న పని చేయండి. నెట్‌బాక్స్ అనే ఉచిత ఇన్వెంటరీ సాఫ్ట్‌వేర్‌ని ల్యాప్‌టాప్‌లో పెట్టుకోండి. అందులో ఒక స్విచ్, 24 పోర్టులు, పదిమంది కస్టమర్లు సృష్టించండి. పరికరానికి బదులుగా జావాలో ఒక చిన్న సర్వీసు రాసి, పోర్టు స్థితి అడిగితే చెప్పేలా చేయండి. 622 స్పెసిఫికేషన్ ఉచితంగానే దొరుకుతుంది, దాని ప్రకారం ఆర్డర్ తీసుకుని, పోర్టు రిజర్వ్ చేసి, ఆ పరికరంలో రాసి, బిల్లు మొదలు తేదీ పంపే ప్రోగ్రామ్ కట్టండి. అది నడిచాక, రికార్డుకి తెలియకుండా పరికరంలో నాలుగు పోర్టులు చేత్తో మార్చేయండి. ఆ తేడాలు పట్టుకునే ప్రోగ్రామ్ ఇంకోటి రాయండి. తేడాలు పట్టుకోవడం గంట పని. ప్రతి తేడాలోనూ రికార్డు దిద్దాలా, పరికరం దిద్దాలా, మనిషిని పంపాలా అన్నది ఎలా తేల్చాలో కాగితం మీద రాసుకోండి. కొత్త టీమ్ లీడ్‌తో మొదటిసారి కూర్చున్నప్పుడు ఆ కాగితం ముందు పెట్టి, ఇక్కడ మీరు ఏం చేస్తారు అని అడగండి.